తెరచాటున వెలిగిన దీపం: బేగం రొకేయా

ముస్లిం బాలికల విద్యకై పాటుపడిన వారిలో బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ గారిది అగ్రస్థానం. ఆచారమా, చదువా అన్న వాదం తలెత్తినప్పుడెల్లా మనం ఆమె జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

ఆమె 1880 డిసెంబరు 9న అవిభక్త వంగదేశంలోని రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో జమీందారు వంశమున జన్మించారు. ఆ ఇంట ఘోషా అతి కఠినం. పరాయి స్త్రీలు వచ్చినను బాలికలు చాటుకు తప్పుకొనవలసినదే. ఇంటిల్లిపాదీ నిద్రించిన పిమ్మట అన్నగారు ఇబ్రహీం సాబేర్ దీపపు వెలుగున చెల్లెలికి ఆంగ్లం నేర్పారు. అక్కగారు కరీమున్నిసా వంగభాషపై మమకారం కలిగించారు.

భర్త సఖావత్ హుస్సేన్ గారు భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన ప్రోత్సాహముతో ఆమె కలం పట్టారు. పురుషులు ఘోషాలో ఉండగా స్త్రీలు రాజ్యమేలే 'సుల్తానాస్ డ్రీమ్' అను ఆంగ్ల కథ 1905లో మద్రాసు పత్రికలో వెలువడింది. 1909లో భర్త గతించారు. బాలికల పాఠశాలకై ఆయన విడిచిన పదివేల రూపాయలతో ఆమె భాగల్పూరులో ఐదుగురు విద్యార్థినులతో బడి తెరిచారు. కుటుంబ కలహాల వలన ఊరు విడిచి, 1911 మార్చి 16న కలకత్తాలో ఎనిమిది మందితో దానిని పునఃప్రారంభించారు.

బడి ఉన్నంత మాత్రాన పిల్లలు రారు. ఘోషాకు భంగం కలుగుతుందని తల్లిదండ్రుల భయం. కాబట్టి ఆమె మూసిన బండ్లను ఏర్పాటు చేశారు. తరువాత వచ్చిన మోటారు బస్సును సైతం గాలి చొరకుండా మూసివేయగా లోపలి పసిపిల్లలు సొమ్మసిల్లారు. తల్లులు మొరపెట్టుకున్నారు. కిటికీలకు తెరలు కట్టించగా, అవి గాలికి ఎగిరి ఘోషా చెడుతున్నదని బెదిరింపు లేఖలు వచ్చాయి. ఈ రెండు ఒత్తిళ్ల నడుమ ఆమె బడిని మూయలేదు.

ఇక్కడ మనం గమనించవలసిన సూక్ష్మమొకటి గలదు. బురఖా చదువుకు అడ్డు కాదనీ, ప్రత్యేక పాఠశాలలు, ఉపాధ్యాయినులు లేకపోవుటే అసలు అడ్డంకియనీ ఆమె తన వ్యాసంలో వాదించారు. అట్లని అతి ఘోషాను సమర్థించలేదు. దాని వలన స్త్రీలు పడిన యాతనలను 1931లో వెలువడిన 'అవరోధ్ బాసినీ' గ్రంథంలో నిర్మొహమాటంగా బయటపెట్టారు. తానుమాత్రం పిల్లల తల్లిదండ్రుల విశ్వాసం నిలుపుకొనుటకై బురఖా ధరించే ఇల్లిల్లూ తిరిగి బాలికలను బడికి పంపమని వేడుకున్నారు. 1916లో ముస్లిం మహిళలకై 'అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం' సంస్థను నెలకొల్పారు.

1932 డిసెంబరు 9న, తన జన్మదినం నాడే, ఆమె కన్నుమూశారు. స్త్రీల హక్కులను గూర్చిన అసంపూర్ణ వ్యాసం ఆమె బల్లపై కనబడింది. ఆమె పాఠశాల నేటికీ కలకత్తాలో నడుస్తున్నది.

వస్త్రధారణ వలన, ప్రార్థనా వేళల వలన నేడును విద్యాలయాలలో, కార్యాలయాలలో వివాదాలు రేగుతూనే ఉన్నాయి. నియమాలు వ్రాయు పెద్దలకు మేము మనవి చేయునది ఒక్కటే. నియమం వలన గుమ్మం బయట నిలిచిపోవు బాలిక ఎవరో ముందుగా చూడండి. విద్యార్థినులారా, మీరును ఆమె వలె ఆచారమును వివేకంతో తూచి చూడండి. కాని ఏ కారణం చేతను చదువును మాత్రం విడువకండి.