కాలాన్ని కాలువ నీటిలా వాడుకున్న మోక్షగుండం

గిద్దలూరు ప్రాంతంలో బేస్తవారిపేటకు చేరువనున్న మోక్షగుండం గ్రామం పేరు దేశమంతటా వినిపించిందంటే ఒక ఇంజనీరు ఇంటిపేరే కారణం. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు ఈ ఊరివారే. తరాల క్రితం వారు మైసూరు సీమకు తరలిపోయారు. ఆయన 1861లో చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో జన్మించారు.

చిన్నతనంలోనే తండ్రి గతించారు. ఇంట్లో కలిమి లేదు. బెంగుళూరులో చదువుకుంటూనే పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. చదువుకో వేళ, సంపాదనకో వేళ అని రోజును విడదీసుకోక తప్పలేదు. ఆ అలవాటు జీవితాంతం నిలిచింది. 1881లో బి.ఏ., 1883లో పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

పూనా ప్రాంతపు కాలువల కింద అప్పట్లో ఎగువ రైతులు ఇష్టం వచ్చినంత నీరు పెట్టేవారు. వారి పొలాలు నీరెక్కువై పాడయ్యేవి, చివరి భూములేమో ఎండేవి. విశ్వేశ్వరయ్య ఆయకట్టును బ్లాకులుగా విభజించి, వంతుల ప్రకారం నీరిచ్చే పద్ధతి పెట్టారు. మొదట రైతులు ఎదురుతిరిగారు. ఫలితం కళ్లజూశాక ఒప్పుకున్నారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు నీరు హద్దు దాటితే వాటంతటవే తెరుచుకునేవి, తగ్గితే మూసుకునేవి.

తన రోజును కూడా ఆయన ఇలాగే పంచుకున్నారు. నడకకు, భోజనానికి, ఫైళ్లకు, వచ్చేవారితో మాటలకు దేని వంతు దానిదే. ఒక పని మరో పని వంతును తినడానికి వీల్లేదు. సభలో మాట్లాడవలసినది ముందే రాసుకునేవారు. చెప్పిన వేళకు తప్పక హాజరయ్యేవారు.

ముందుచూపు విలువేమిటో 1908 సెప్టెంబరులో హైదరాబాదు చూసింది. మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నీరు వీధుల్లోకి వచ్చిన వేళ చేయగలిగింది తక్కువ. చేయవలసింది అంతకు ముందే. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య వానల లెక్కలు, ఎగువన తెగిన చెరువుల వివరాలు సేకరించి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని కొన్ని నెలల్లోనే నివేదిక ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

అదే 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు. కృష్ణరాజసాగర్ పని 1911లో మొదలైంది. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆ ఆరేళ్లలోనే వెలిశాయి.

పదవి వదిలినా పని వదలలేదు. ప్రణాళికలపై 1934లో పుస్తకం రాశారు. తొంభై ఏళ్ల వయసులోనూ గంగానదిపై వంతెనకు అనువైన చోటును స్వయంగా పరిశీలించారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నది.

విత్తనానికి అదను ఉంటుందని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పిల్లల చదువుకు, అప్పు తీర్చడానికి, వానకు ముందే చెరువుకట్ట చూసుకోవడానికి కూడా అదను ఉంటుంది. అది దాటనీయని మనిషి మూలాలు మోక్షగుండంలో ఉండడం ఈ ప్రాంతానికి గర్వకారణం.