నోట్లోంచి రంగుల రిబ్బన్లు.. పేరు నకలుకే!

గుప్పెడు కాగితం ముక్కలు నోట్లో కుక్కుకుని నమలడం.. కాసేపటికి పెదాల మధ్య నుంచి ఎర్రవి, పచ్చవి, పసుపువి కాగితపు రిబ్బన్లు బారలకు బారలు లాగడం! తిరునాళ్లలోనో, బడి పండగల్లోనో ఈ గారడీ చూసినవాళ్లు ఎందరో. నూట పాతికేళ్ల కిందట ఇదే విద్యతో అమెరికా చేత నోరెళ్లబెట్టించాడో చైనా గారడీవాడు. అసలు పేరు జూ లియన్‌కుయ్. రంగస్థలం పేరు చింగ్ లింగ్ ఫూ.

ఫూ 1854లో పుట్టాడు. చైనా సంప్రదాయ ఇంద్రజాలంలో ఆరితేరాడు. 1898లో అమెరికాలోని ఒమాహాలో జరిగిన భారీ ఎగ్జిబిషన్‌కు బృందంతో వెళ్లాడు. కూతురు చీ టాయ్ కూడా అందులో ఉంది. చైనా కూలీలను రానివ్వకూడదని 1882లోనే చట్టం చేసుకున్న దేశమది. ఫూ బృందాన్నీ వెనక్కి పంపేయాలని చూశారు గానీ కుదర్లేదు. అప్పటికే జనం ఆయన ఆట కోసం ఎగబడుతున్నారు మరి.

ఏం చేసేవాడంటే.. కాగితం ముక్కలు నమిలి, విసనకర్రతో విసురుకుంటుంటే నోట్లోంచి పొగ వచ్చేది. తర్వాత నిప్పురవ్వలు. ఆ మంట వచ్చిన నోట్లోంచే చెక్కుచెదరని రంగు రిబ్బన్లు! ఆఖర్న పొడవాటి కర్ర. రిబ్బన్ల కిటుకు తెలిసినవాళ్లకు చిన్నదే. పల్చటి కాగితపు పట్టీని గట్టిగా బిళ్లలా చుట్టి, నమిలే ముక్కల చాటున నోట్లోకి చేరుస్తారు. చుట్ట మధ్యలోని కొస దొరికించుకుని లాగితే చిక్కుపడకుండా వస్తూనే ఉంటుంది. కానీ తడి నోట్లో ఆ కొస తెగకూడదు, చెయ్యి తడబడకూడదు. చెప్పినంత తేలిక కాదు.

ఇంతకంటే పేరు తెచ్చింది నీళ్ల గంగాళం. ఖాళీ దుప్పటి దులిపి చూపించి, నేల మీద పరిచి తీస్తే నిండా నీళ్లతో పెద్ద గంగాళం ప్రత్యక్షం! దీన్ని చేసి చూపిస్తే వెయ్యి డాలర్లు ఇస్తామని ఫూ తరఫున సవాలు విసిరారు. గొడవంతా ఇక్కడే మొదలైంది.

విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ముందుకొచ్చాడు. పెద్ద పెద్ద ఐంద్రజాలికుల దగ్గర సహాయకుడిగా చేసి, తెర వెనక సంగతులన్నీ ఆకళింపు చేసుకున్నవాడు. అతనికి అవకాశమే ఇవ్వలేదు. సవాలు విసిరి వెనక్కి తగ్గడం ఫూ పక్షం చేసిన పొరపాటనే చెప్పాలి. 1900లో రాబిన్సన్ తల గొరిగించుకున్నాడు, జడ తగిలించాడు, ముఖానికి రంగు పూశాడు. చైనా భాష రాకపోయినా చుంగ్ లింగ్ సూ అయిపోయాడు! పేరులోనూ నకలే. విలేకరులతో దుభాషిని పెట్టుకుని మాట్లాడేవాడు. లండన్ నమ్మేసింది.

1905 జనవరిలో ఇద్దరూ లండన్‌లోనే ఆడుతున్నారు. అతను చైనావాడే కాదు, ముందు అది తేల్చండని ఫూ పట్టుబట్టాడు. ఓ పత్రిక మాత్రం ఇద్దరికీ గారడీ పోటీ పెట్టింది. ఫూ రాలేదు. రాబిన్సన్ వచ్చి విద్యలు చూపించి గెలిచానన్నాడు. అసలువాడు ఓడినట్టు, నకలువాడు నెగ్గినట్టు వార్తలొచ్చాయి. పుట్టుక సంగతి ఎవరికీ పట్టలేదు.

ఫూ స్వదేశం వెళ్లాడు. 1912 తర్వాత మళ్లీ అమెరికా వచ్చి వేదికలెక్కాడు. రాబిన్సన్ మాత్రం 1918 మార్చి 23 రాత్రి లండన్ వుడ్‌గ్రీన్ ఎంపైర్ థియేటర్‌లో తుపాకీ గుళ్లు పట్టే ఆట ఆడుతుండగా, ఉత్తుత్తిగా పేలాల్సిన తుపాకీ నిజంగానే పేలింది. నేలకొరుగుతూ అతను ఇంగ్లీషులో మాట్లాడాడు. చైనావాడి వేషంలో వేదిక మీద అదే మొదటిసారి. మర్నాడు ఉదయం కన్నుమూశాడు. ఫూ మరో నాలుగేళ్లు బతికి 1922లో పోయాడు.