కృష్ణరాయలు – నీటి వెల

పుదుచ్చేరికి దక్షిణమున, దక్షిణ పినాకినీ పరీవాహమున, బాహూరు అను ప్రాచీన గ్రామము కలదు. 9వ శతాబ్దిలో పల్లవ నృపతుంగవర్మ కాలమున అచ్చటి విద్యాస్థానమునకు మూడు గ్రామములు దానము చేయబడినట్లు తామ్రశాసనములు తెలుపుచున్నవి. ఆ యూరి పెద్దచెరువునకు నీరు గొనివచ్చు కాలువ పేరు బంగారు కాలువ. సింగారి, బంగారి యను నర్తకీమణులు తమ సొమ్ములు వెచ్చించి దానిని త్రవ్వించిరని జనశ్రుతి.

అట్టి కథయే మఱియొకటి, పుదుచ్చేరి చెంతనున్న ముత్తిరపాళయమున, శ్రీకృష్ణదేవరాయల పేరుతో ముడిపడియున్నది. సంధ్యవేళ దీపకాంతులతో వెలుగు భవనమును గాంచి రాయలు దేవాలయమని భ్రమించి నమస్కరించెనట. అది ఆయి యను గణికయొక్క యిల్లని తెలియగనే కూల్చుటకు ఆజ్ఞాపించెను. ఆమె తన చేతులతోనే దానిని తొలగింప ననుమతి వేడి, ఆ తావున ప్రజలకొఱకు చెరువు త్రవ్వించినది.

రాయలు తుళువ నరసనాయకునకును నాగలాంబకును జన్మించి, 1509లో విజయనగర సింహాసన మధిష్ఠించెను. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు విజయములు అందఱెఱిగినవే. కాని కత్తితో గెలిచిన నేల నీరు లేక ఫలింపదని ఆయన బాగుగా నెఱుగును. చెరువులు, కాలువలు కల్పించి, పేదరైతునకు పన్ను తగ్గించినచో ధర్మార్థములు రెండును వృద్ధినొందునని ఆముక్తమాల్యదలో ఉపదేశించెను. 1521లో తుంగభద్రపై బసవన్న కాలువను నిర్మింపజేసెను.

తన క్రొత్తనగరమగు నాగలాపురము, అనగా నేటి హోస్పేట, పెరుగుచుండగా నీటికొఱత దీర్చుటకు మహాతటాక మారంభించెను. గోవానుండి జోవావ్ దెల్లా పోంతె యను పోర్చుగీసు శిల్పి వచ్చెను. 15 నుండి 20 వేలమంది పనిచేయుచుండుటను పేస్ అను యాత్రికుడు కన్నులార గాంచెను. కట్ట రెండుమూడు మారులు తెగెను. బలి యీయవలెనని పెద్దలు చెప్పగా, 60 మంది మనుష్యుల శిరస్సులు ఖండింపబడినవని పేస్ వ్రాసెను. వారు మరణదండనకు లోనైన ఖైదీలని నూనిజ్ చెప్పెను. పిమ్మట క్రొత్తగా సాగుచేయువారికి రాయలు 9 సంవత్సరములు పన్ను విడిచిపెట్టెను. అనంతరము ఆ భూములనుండి 20 వేల పర్దావుల ఆదాయము వచ్చెనట.

1529లో రాయలు అస్తమించెను. మూడు శతాబ్దులకు పైబడిన పిదప, మూడవ నెపోలియన్ కాలమున, ఫ్రెంచివారు ముత్తిరపాళయపు నీటిని పుదుచ్చేరి పట్టణమునకు తెచ్చి, ఆయి పేర శ్వేతమండపము నిర్మించిరి.

నేడును ఆ పట్టణము ప్రధానముగా భూగర్భజలముపైననే ఆధారపడియున్నది. తోడినకొలది తీరమున ఉప్పునీరు చొచ్చుకొని వచ్చుచున్నది. ఊరు పెరిగినప్పుడు నీటికి వెల చెల్లింపకతప్పదు. దానిని ఎవరు చెల్లింతురన్నదే ప్రశ్న. పన్ను విడిచి రాజు కొంత చెల్లించెను. ఇల్లు విడిచి ఆయి చెల్లించినది. రాజు పేరు లోకమెఱుగును; ఆయికి మండపము దక్కినది. కట్టకొఱకు ప్రాణములొసగిన యా అఱువదిమంది పేర్లు మాత్రము ఎవ్వరును వ్రాసియుంచలేదు.