మిస్ రేచెల్ కార్సన్ గారి కళాశాల విద్య

సముద్రశాస్త్రమును, పర్యావరణ శాస్త్రమును అభ్యసింపగోరు విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, ఏ కళాశాలలో చేరుట మేలని మమ్ము తఱచుగా అడుగుచుందురు. సముద్రపు టొడ్డున నున్న కళాశాలయే శ్రేష్ఠమని పలువురి తలంపు. ఈ రెండు శాస్త్రములయందును లోకప్రసిద్ధి గాంచిన రేచెల్ కార్సన్ గారి చరిత్రమును చదివినచో, ఈ ప్రశ్న అంత సులభముగా తేలునది కాదని తోచును.

ఈమె 1907వ సంవత్సరము మే నెల 27వ తేదీన, అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో, స్ప్రింగ్‌డేల్ అను చిన్న యూర జన్మించెను. అది అలెఘనీ నదీతీరమున నున్నది. సముద్రము అచ్చటికి 200 మైళ్లకు పైబడిన దూరము. తల్లి మరియా గారు వివాహమునకు పూర్వము ఉపాధ్యాయినిగా నుండిరి. వారు తమ కడగొట్టు బిడ్డను తోటలకును అడవికిని తోడ్కొనిపోయి, పక్షులను పురుగులను చూపుచుండిరి. బాలికకు వ్రాతయందు మక్కువ మెండు. 1918లో, పదునొకండేండ్ల ప్రాయమున, ఆమె వ్రాసిన కథ యొకటి పిల్లల పత్రికలో అచ్చుపడెను.

1925లో ఉన్నత పాఠశాల చదువు ముగియగా, రేచెల్ పిట్స్‌బర్గు నగరమందలి పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో చేరెను. ఆ కళాశాల ఇంటికి దగ్గర. తల్లి గారు వారము వారము వచ్చి చూచిపోవుటకు వీలైన చోటు. చేరినది సముద్రశాస్త్రమునకు కాదు, ఆంగ్ల సాహిత్యమునకు. తండ్రి రాబడి స్వల్పము. తల్లి గారు పియానో పాఠములు చెప్పియు, ఇంటిలోని పింగాణి పాత్రలను అమ్మియు రుసుము సమకూర్చిరి. ఇట్టి తల్లులు మన పాఠశాలకును క్రొత్తవారు కారు.

ఆ కళాశాలలో ప్రతి విద్యార్థినియు ఏదో యొక విజ్ఞానశాస్త్రమును చదివితీరవలెనను నియమముండెను. నియమము తీర్చుటకై రేచెల్ జీవశాస్త్రపు తరగతిలో కూర్చుండెను. అచ్చట బోధించుచున్నవారు మేరీ స్కాట్ స్కింకర్ గారు. ఆ బోధన రేచెల్ మనస్సును పూర్తిగా త్రిప్పివేసెను. 1928 జనవరిలో ఆమె సాహిత్యమును వీడి జీవశాస్త్రమును ప్రధాన విషయముగా తీసికొనెను. స్నేహితురాండ్రు వారించిరి. స్త్రీలకు విజ్ఞానశాస్త్రమున ఉద్యోగములు దొరకవని పెద్దలు హెచ్చరించిరి. ఆ కాలమున అది వట్టి బెదరింపు కాదు, నిజమే.

ఆ సంవత్సరమే స్కింకర్ గారు తామును పైచదువునకై కళాశాలను విడిచిరి. రేచెల్‌కు బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున స్థానము లభించెను గాని, ద్రవ్యము లేమిచే పోజాలక, పాత కళాశాలయందే నిలిచి 1929లో పట్టము పొందెను. అప్పటికి కళాశాలకు చెల్లింపవలసిన బాకీ వేయి డాలర్లకు మించెను. దానికి స్ప్రింగ్‌డేల్‌లోని కొంత భూమిని హామీగా వ్రాసియిచ్చిరి.

ఆ వేసవిలో, ఇరువది రెండేండ్ల వయస్సున, రేచెల్ మొదటిసారి సముద్రమును చూచెను. మసాచుసెట్స్ తీరమున వుడ్స్ హోల్ అను చోట నొక సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయము గలదు. పడవలు అప్పుడే పట్టితెచ్చిన ప్రాణులు పరిశోధకుల బల్లలకు వచ్చుచుండెను. గ్రంథాలయమున పలుదేశముల శాస్త్రపత్రిక లుండెను. పేరుమోసిన ఆచార్యులును, క్రొత్తగా వచ్చిన విద్యార్థులును ఒక్కచోట పనిచేయుచుండిరి. రేచెల్ అచ్చట తాబేళ్ల తలలోని నాడులను పరీక్షించెను. ఖాళీ వేళల ఒడ్డున తిరిగి, అలలు తీసిపోయినప్పుడు రాళ్ల నడుమ మిగిలిన జీవములను చూచుచుండెను. కళాశాల నాలుగేండ్లలో ఈయలేనిదానిని ఆ యొక్క వేసవి యిచ్చినదని మా యభిప్రాయము. అయితే ఆ తావునకు దారి చూపినది కళాశాల ఉపాధ్యాయినియే.

పిమ్మట హాప్కిన్స్‌లో చేరెను. ఆర్థికమాంద్యపు దినములగుటచే మొదటి సంవత్సరమైన వెనుక, పరిశోధనశాలలో ఎలుకలను ఈగలను సాకుచు, కొంతకాలమే చదువుకొనవలసి వచ్చెను. 1932లో పొందిన ఎం.ఏ. పట్టము జంతుశాస్త్రములోనిది, వ్యాసము వాలుగజాతి చేప పిండముయొక్క మూత్రపిండమును గూర్చినది. 1934లో డాక్టరు పట్టపు ఆశను వదలుకొనెను. మఱుసటేడు తండ్రి మరణించెను.

కుటుంబభారము మీదపడిన ఆ దినములలో, ప్రభుత్వ మత్స్యశాఖలోని ఎల్మర్ హిగ్గిన్స్ గారు సముద్రజీవులను గూర్చి రేడియోకై 52 చిన్న ప్రసంగములను వ్రాయు పని నొసగిరి. శాస్త్రము నెఱిగి, సొంపుగా వ్రాయగలవారు ఆ శాఖకు కావలసియుండిరి. విడిచితినని యామె తలంచిన సాహిత్యమే అప్పుడు అన్నము పెట్టెను. 1936లో ప్రభుత్వపరీక్షలో అందఱికంటె మిన్నగా నిలిచి, ఆ శాఖలో జలజీవశాస్త్రజ్ఞురాలుగా స్థిరోద్యోగము పొందెను.

తరువాతి కీర్తి పలువు రెఱిగినదే. 1951లో వెలువడిన 'మన చుట్టునున్న సముద్రము' అను గ్రంథము మఱుసటేడు జాతీయ బహుమానమును గడించెను. 1962లో డి.డి.టి. మొదలగు పురుగుమందుల కీడును వెల్లడించుచు 'నిశ్శబ్ద వసంతము' ప్రకటించెను. మందుల వ్యాపారులు ఎదురుతిరిగిరి. అప్పటికే ఆమె శరీరమున పుట్టకురుపు వ్యాపించియుండెను. ఆ సంగతిని లోకమునకు తెలియనీయక, 1963లో సెనేటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. 1964 ఏప్రిల్ 14న మరణించెను. అమెరికా దేశము 1972లో డి.డి.టి. వాడుకను చాలవఱకు నిషేధించెను. ఆమె చితాభస్మములో కొంత తల్లి సమాధి చెంత నుంచిరి. కొంత మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున చల్లిరి.