జాన్ స్నో: పంపు హ్యాండిల్ తీయించి కలరా గుట్టు విప్పిన డాక్టర్.. దాచేపల్లికీ అదే పాఠం!

2024 అక్టోబర్‌లో పల్నాడు జిల్లా దాచేపల్లిలో డయేరియా ప్రబలింది. వాంతులు, విరేచనాలతో జనం ఆస్పత్రి బాట పట్టారు. అధికారులు బోర్ల నీళ్లు ఆపేసి ట్యాంకర్లు తిప్పారు, నీటి శాంపిళ్లను పరీక్షలకు పంపారు. ఇప్పుడు ఇదంతా మామూలే అనిపిస్తుంది. కానీ 170 ఏళ్ల కిందట ఈ పని చేయించడానికి ఓ డాక్టర్ ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ఆయనే జాన్ స్నో.

కూలీ కొడుకు.. రాణిగారి డాక్టర్

స్నో 1813 మార్చి 15న ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పుట్టారు. తండ్రి కూలి పని చేసేవారు. తొమ్మిది మంది పిల్లల్లో స్నోనే పెద్ద. 14 ఏళ్లకే న్యూకాసిల్‌లో ఓ సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. అక్కడే బొగ్గు గని కార్మికులు కలరాతో పిట్టల్లా రాలిపోవడం కళ్లారా చూశారు. తర్వాత లండన్ చేరి 1844లో ఎండీ పూర్తి చేశారు. మత్తు ఇవ్వడంలో ఎంత పేరు తెచ్చుకున్నారంటే, 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చింది ఆయనే!

అందరూ గాలి అన్నారు.. ఆయన నీళ్లన్నారు

కలరా చెడు గాలి వల్ల వస్తుందని అప్పటి పెద్ద డాక్టర్లంతా నమ్మేవారు. స్నోకు మాత్రం డౌట్ వచ్చింది. గాలి వల్లే అయితే ముందు ఊపిరితిత్తులు దెబ్బతినాలి కదా, మరి ఈ జబ్బు కడుపులో ఎందుకు మొదలవుతోంది? అంటే నోటి ద్వారానే లోపలికి వెళ్తోందని తేల్చారు. 1849లో చిన్న పుస్తకం కూడా రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఒక్క పంపే!

1854 ఆగస్టు చివర్లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా విరుచుకుపడింది. మూడు రోజుల్లోనే 127 మంది చనిపోయారు. స్నో చావులు జరిగిన ఇళ్లన్నీ లెక్క తీశారు. ఎక్కువ మంది ఒకే చేతిపంపు నీళ్లు తాగినవాళ్లే. దగ్గర్లోని పేదల ఆశ్రమంలో (వర్క్‌హౌస్) 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. ఎక్కడో దూరంగా ఉన్న ఓ పెద్దావిడ కూడా కలరాతో చనిపోయారు. ఆరా తీస్తే, ఆ నీళ్ల రుచి నచ్చి రోజూ తెప్పించుకునేవారట.

స్నో ఈ లెక్కలు చూపించాక సెప్టెంబర్ 8న పంపు హ్యాండిల్ తీసేశారు. నిజానికి జనం ఊరొదిలి పారిపోవడంతో అప్పటికే కేసులు తగ్గుముఖం పట్టాయి. ఆ పంపు బావి పక్కనే మురుగు గొయ్యి ఉందని తర్వాత బయటపడింది.

ఇంటింటికీ నీటి పరీక్ష

అదే ఏడాది స్నో ఇంకో పెద్ద పని చేశారు. దక్షిణ లండన్‌లో ఒకే వీధికి రెండు కంపెనీలు నీళ్లిచ్చేవి. ఒకటి థేమ్స్ నదిలో ఎగువన నీళ్లు తోడేది, రెండోది మురుగు కలిసే చోట. తమ నీళ్లు ఏ కంపెనీవో చాలా ఇళ్లవాళ్లకు తెలీదు. అందుకే స్నో సీసాల్లో శాంపిళ్లు పట్టి సిల్వర్ నైట్రేట్ కలిపి చూశారు. ఉప్పు ఎక్కువున్న మురుగు చోటి నీళ్లు చిక్కగా తెల్లబడేవి. లెక్క తేలాక అంతా షాక్.. ఎగువ నీళ్లు తాగిన ప్రతి 10 వేల ఇళ్లకు 37 చావులైతే, మురుగు నీళ్లు తాగిన ఇళ్లలో 315!

1858 జూన్ 16న, 45 ఏళ్లకే స్నో కన్నుమూశారు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ 1884లో కోల్‌కతాలో చెరువు నీళ్లలోనూ గుర్తించారు. అది చూడ్డానికి స్నో లేరు.

మనం చూసుకోవాల్సింది ఏంటి?

నీళ్లు తేటగా ఉన్నాయనో, రుచిగా ఉన్నాయనో నమ్మితే ఏమవుతుందో స్నో చూపించారు. భారత ప్రమాణాల ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఈ-కొలి బ్యాక్టీరియా కూడా కనిపించకూడదు. ట్యాంకు దగ్గర టెస్ట్ చేసి వదిలేస్తే చాలదు. మురుగు కాల్వ పక్కన పైపు లీకైతే, సరఫరా ఆగినప్పుడు ఆ మురుగే లోపలికి వెళ్తుంది. కాబట్టి లైన్‌లో చిట్టచివరి కుళాయి దగ్గర కూడా పరీక్ష జరగాలి. మీ వీధి చివరి ఇంట్లో క్లోరిన్ టెస్ట్ ఎప్పుడు చేశారో ఓసారి అడగండి.