అద్దం ముక్కలు ఏరుకున్న స్టెయిన్‌మెట్జ్

ఈఈఈ వాళ్ళకి ఈయన పేరు ఒక అంకె. మెషీన్స్ పేపర్లో హిస్టరిసిస్ లాస్ ఫార్ములా రాసేటప్పుడు ఫ్లక్స్ డెన్సిటీ నెత్తిన 1.6 అని వేస్తాం కదా, ఆ 1.6 ఈయనదే. ముందున్న స్థిరాంకానికి కూడా ఈయన పేరే. రెండు మార్కులొస్తాయి, పేజీ తిప్పేస్తాం. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళకి ఆ మాత్రం పరిచయం కూడా ఉండదు. నిజానికి వాళ్ళే ఈయనకి ఎక్కువ బాకీ ఉన్నారని నా వాదన.

ఎందుకో చెప్పాలంటే ముందు ఫీల్డ్‌బస్ సంగతి కొంచెం మాట్లాడుకోవాలి. రిఫైనరీలోనో, ఎరువుల ఫ్యాక్టరీలోనో ప్రెషర్, టెంపరేచర్, లెవెల్ కొలిచే పరికరాలు వందల కొద్దీ ఉంటాయి. పాత పద్ధతిలో ఒక్కోదానికి ఒక్కో జత వైర్లు కంట్రోల్ రూం దాకా లాగేవారు. ఫీల్డ్‌బస్‌లో ఒకే జత వైర్ల మీద చాలా పరికరాలు వరసగా కూర్చుంటాయి. ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ హెచ్1 రకమే తీసుకోండి. 9 నుంచి 32 వోల్టుల డీసీ సరఫరా, దాని మీదే సవారీ చేస్తూ ఒక వోల్టుకి అటూ ఇటూ ఉండే చిన్న సిగ్నల్. కేబుల్ 1900 మీటర్ల దాకా పోవచ్చు. ఇప్పుడు ట్యాంకు దగ్గర పిడుగు పడిందనుకుందాం. 30 వేల ఆంపియర్లు నేలలోకి దిగాయి. అక్కడ ఎర్త్ రెసిస్టెన్స్ ఒక్క ఓమే అయినా, ఓమ్ గారి లెక్క ప్రకారం ఆ చోటు 30 వేల వోల్టుల ఎత్తుకి లేస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఆ నేల మీద ఉంది, కంట్రోల్ రూం కిలోమీటరు అవతల వేరే నేల మీద ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది ఆ సన్నటి జత వైర్లు. ఒక వోల్టు గుసగుసలు నడిచే దారిలో 30 వేల వోల్టుల ఏనుగు.

ఆ ఏనుగుని గదిలోకి తెచ్చి, కట్టేసి, కొలతలు తీసిన మనిషి ఎత్తు సుమారు నాలుగు అడుగులు.

కార్ల్ ఆగస్ట్ రుడాల్ఫ్ స్టెయిన్‌మెట్జ్ 1865 ఏప్రిల్ 9న బ్రెస్లావ్‌లో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యా, ఇప్పుడు పోలండ్‌లో వ్రొత్స్వాఫ్. పుట్టుకతోనే గూని, తుంటి ఎముక వంకర. తండ్రికీ అదే, తాతకీ అదే. ఏడాది పిల్లాడిగా ఉండగానే తల్లి పోయింది, నాయనమ్మ పెంచింది. యూనివర్సిటీలో లెక్కల్లో మెరిశాడు. తోటి విద్యార్థులు ప్రోటియస్ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణంలో ప్రోటియస్ సముద్రపు ముసలివాడు. చేతికి చిక్కకుండా రూపాలు మార్చేస్తూ ఉంటాడు, గట్టిగా పట్టుకుని వదలకపోతే మాత్రం అడిగినదానికి జవాబు చెబుతాడు. కరెంటుని పట్టుకున్న మనిషికి ఇంతకన్నా సరైన పేరు దొరకదు.

బిస్మార్క్ సోషలిస్టుల మీద నిషేధం పెట్టిన రోజులవి. ఈయన ఓ సోషలిస్టు విద్యార్థి సంఘంలో చేరి, ఆ పార్టీ పత్రికలో రాతపని చూశాడు. పోలీసుల కన్ను పడింది. 1888లో డాక్టరేట్ చేతికందే సమయంలో పట్టా వదిలేసి జ్యూరిక్ పారిపోయాడు. పీహెచ్‌డీ చివరి సంవత్సరంలో ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు.

మరుసటి ఏడాది, 1889లో, ఆస్కర్ అస్ముస్సెన్ అనే స్నేహితుడి వెంట ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. రేవులో వలస అధికారులు ఈ 24 ఏళ్ళ కుర్రాణ్ణి చూసి తిప్పి పంపేద్దామనుకున్నారు. గూని, ఇంగ్లీషు రాదు, జేబులో డబ్బు లేదు. స్నేహితుడు పూచీ పడి లోపలికి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆ స్నేహితుడు పక్కన లేకపోతే మన సిలబస్‌లో కనీసం మూడు చాప్టర్లు వేరేవాళ్ళ పేరు మీద ఉండేవి.

యాంకర్స్‌లో ఐకెమేయర్ అనే ఆయన కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. టోపీలు చేసే మెషీన్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ, పక్కన మోటార్లూ తయారు చేసేది. అక్కడే చార్లెస్ అని పేరు మార్చుకుని, మధ్యలో ప్రోటియస్‌ని కలుపుకున్నాడు. 1892లో ఆ 1.6 సూత్రం. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఎంత వేడెక్కుతుందో తెలియాలంటే తయారు చేసి చూడటమే దారి. 1893లో ఏసీ లెక్కల్లోకి కాంప్లెక్స్ నంబర్లు తెచ్చాడు. కాలిక్యులేటర్‌లో ఫేజర్లు కూడుకుంటున్నామంటే ఆయన చలవే. అదే ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ ఐకెమేయర్ కంపెనీని కొనేసింది, 1894లో ఈయన స్కెనెక్టడీ ఊరికి మారాడు. చివరిదాకా అక్కడే.

ఇక అసలు కథ. 1896లో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరానికి చేరింది. ఆ తర్వాత లైన్లు పొడుగవుతూ పోయాయి. ఆకాశం కింద మైళ్ళ కొద్దీ రాగి తీగ కడితే పిడుగుకి విస్తరి వేసి పిలిచినట్టే. ఎక్కడో పడిన పిడుగు తీగ వెంట పరుగెత్తుకొచ్చి జనరేటర్ చుట్టలు కాల్చేసేది. అప్పటికే లైట్నింగ్ అరెస్టర్లు ఉన్నాయి. కానీ వాటికో తిరకాసు ఉంది. పిడుగుకి దారి ఇచ్చిన ఖాళీలో ఒకసారి నిప్పు పుట్టాక, పిడుగు వెళ్ళిపోయినా లైన్లోని సొంత కరెంటు ఆ దారినే పట్టుకుని నేలలోకి పోతూనే ఉంటుంది. తలుపు తీయడం తేలిక, వెంటనే మూయడం కష్టం. జీఈ వాళ్ళు దీనికి అల్యూమినియం పలకలు ద్రావణంలో ముంచిన అరెస్టర్ తెచ్చారు. పలక మీద పేరుకునే సన్నని పొర మామూలు వోల్టేజిని ఆపుతుంది, పరిమితి దాటితే దారి ఇస్తుంది, తగ్గగానే మళ్ళీ మూసుకుంటుంది. కాకపోతే ఆ పొర కరిగిపోకుండా ఆపరేటర్ రోజూ దానికి కాసేపు కరెంటిచ్చి చార్జి చేయాలి. ఒక్కరోజు మర్చిపోతే రక్షణ ఉందో లేదో పైకి చూసి చెప్పలేం.

స్టెయిన్‌మెట్జ్ చేసింది ఇంకా అడుగున ఉన్న పని. ఏసీ లెక్కలన్నీ స్థిరంగా నడిచే కరెంటుకి సంబంధించినవి. పిడుగు, స్విచ్చి వేసిన క్షణం, తీగ తెగిన క్షణం, వీటికి ఆ లెక్కలు పనికిరావు. 1909లో ఈ క్షణికమైన వాటి మీదే ఓ లావుపాటి పుస్తకం రాశాడు. తీగలో సర్జ్ అంటే నడిచే అల. చివర తెరిచి ఉంటే తగిలి వెనక్కి తిరుగుతుంది, అక్కడ వోల్టేజి రెట్టింపవుతుంది. చివర తీగ స్వభావానికి సరిపోయే రెసిస్టెన్స్ పెడితే చడీ చప్పుడు లేకుండా ఇంకిపోతుంది. ఈ లెక్కకి పునాది ఇంగ్లండ్‌లో హెవిసైడ్ వేశాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. లైన్లు వేసే ఇంజనీరు చేతికి అందేలా చేసింది మాత్రం స్టెయిన్‌మెట్జ్. హెచ్1 సెగ్మెంటు రెండు చివర్లా పెట్టే 100 ఓముల టర్మినేటర్ ఆ లెక్క ప్రకారమే కూర్చుంది. దాన్ని పీకేసి ఆసిలోస్కోప్‌లో చూడండి, తిరిగొచ్చిన అల కనిపిస్తుంది.

ఆయన గురించి వాట్సాప్‌లో ఓ కథ తిరుగుతూ ఉంటుంది. హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో జనరేటర్ పాడైతే రెండు రోజులు దాని పక్కనే కూర్చుని చెవి పెట్టి విని, సుద్దముక్కతో ఓ గీత గీసి, పదివేల డాలర్ల బిల్లు వేశాడని. కథ బాగుంటుంది. గట్టి ఆధారం లేదు, ఇదే కథ వేరేవాళ్ళ పేర్లతోనూ నడుస్తోంది. దాన్ని పక్కన పెడదాం, ఎందుకంటే నిజంగా జరిగినది అంతకన్నా బాగుంది.

మోహాక్ నది పక్కన ఆయనకో చెక్క కుటీరం ఉండేది. చిన్న పడవలో అడ్డంగా పలక వేసుకుని, నీళ్ళ మీద తేలుతూ లెక్కలు చేసుకునేవాడు. 1920 ప్రాంతాల్లో ఓ వేసవి తుఫానులో పిడుగు పక్కనున్న చెట్టుని కొట్టి కుటీరంలోకి దూరింది. సామాను చెల్లాచెదురైంది, గోడకున్న అద్దం ముక్కలైంది. ఎవరైనా ఏం చేస్తారు? చీపురు తీసుకుంటారు. ఈయన నేల మీద వంగి, ఆ గూనితోనే, ముక్కలన్నీ ఏరాడు. ఓపిగ్గా ఒకదాని పక్కన ఒకటి పేర్చి రెండు గాజు పలకల మధ్య బిగించాడు. అద్దం వెనక పూతలో పిడుగు నడిచిన దారి అచ్చు పడి ఉంది. ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ చీలింది, ఎటు పోయింది, అన్నీ దాన్నుంచే చదువుకున్నాడు. ప్రపంచంలో మొదటి డయాగ్నస్టిక్ లాగ్ ఇదే అనను గానీ, నాకు తెలిసినవాటిలో అందమైనది ఇదే.

చదవడం అయ్యాక చేయడం. 1922లో జీఈ ల్యాబ్‌లో సొంతంగా పిడుగు తయారు చేశాడు. గాజు పలకలతో చేసిన కెపాసిటర్ల వరసని 1,20,000 వోల్టుల దాకా చార్జి చేసి ఒక్కసారిగా వదిలేవాడు. 10,000 ఆంపియర్లు, సెకనులో లక్షో వంతు సేపు. పత్రికలు పది లక్షల హార్స్‌పవర్ అని హోరెత్తించాయి. అది తప్పేం కాదు. కానీ లెక్క కట్టి చూడండి: వోల్టుల్ని ఆంపియర్లతో, కాలంతో గుణిస్తే మహా అయితే 12,000 జౌళ్ళు. పది వాట్ల ఎల్ఈడీ బల్బు 20 నిమిషాలు వెలగడానికి సరిపోయేంత! చెట్టు కొమ్మని పేలపిండి చేసింది శక్తి ఎంత అన్నది కాదు, ఎంత తక్కువ సేపట్లో వదిలాం అన్నది. అదే ఏడాది ఎడిసన్ వచ్చి ఆ పేలుళ్ళు చూశాడు. పగిలిన ఇన్సులేటర్ ముక్కలు పట్టుకుని ఇద్దరూ దిగిన ఫోటో ఉంది.

తమాషాకి చేసింది కాదిది. పిడుగు పడేదాకా ఎదురుచూడకుండా అరెస్టర్‌ని ముందే పరీక్షించొచ్చు. ఇప్పటికీ అదే పద్ధతి. ఫీల్డ్‌బస్ సర్జ్ ప్రొటెక్టర్ డేటాషీట్‌లో 8/20 మైక్రోసెకన్లు అని కనిపిస్తుంది. 8 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎక్కి, 20కి సగానికి దిగే కరెంటు అల అది. స్టెయిన్‌మెట్జ్ పిడుగు వయసు 10 మైక్రోసెకన్లు. వందేళ్ళు గడిచినా పరీక్షించే అల కాలం ఆ దరిదాపుల్లోనే ఉంది.

ఆ ప్రొటెక్టర్ లోపల సాధారణంగా ఇద్దరు కాపలావాళ్ళు ఉంటారు. గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు వేల ఆంపియర్లు మింగుతుంది, కానీ మేలుకోవడానికి కొంచెం టైం పడుతుంది. టీవీఎస్ డయోడు నానోసెకన్లలో లేస్తుంది, ఎక్కువ మోయలేదు. ఇద్దరి మధ్యా చిన్న రెసిస్టరో ఇండక్టరో పెట్టి, మొదటి దెబ్బ డయోడు కాచుకునేలా, బరువు ట్యూబు మోసేలా సర్దుతారు. ఇంతా చేసి ఆ ప్రొటెక్టర్ కెపాసిటెన్స్ ఎక్కువైతే అదే మన ఒక వోల్టు సిగ్నల్‌ని కరిగించేస్తుంది. కాపలావాడే ఇంటివాళ్ళ గొంతు నొక్కినట్టు.

అల్యూమినియం అరెస్టర్‌కున్న జబ్బు దీనికీ ఉంది. దెబ్బ దెబ్బకీ అరుగుతుంది, పైకి చెప్పదు. సెగ్మెంటు కూడా అంతే. రెండు వైర్లలో ఒకటి షీల్డ్‌కి తగిలినా హెచ్1 మాట్లాడుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద రీడింగులన్నీ బాగానే ఉంటాయి. సమతూకం మాత్రం పోయింది, నాయిస్‌కి తలుపు తెరుచుకుంది. వర్షాకాలంలో జంక్షన్ బాక్సులోకి నీళ్ళు దిగి రెండో వైరు కూడా తగిలిన రోజున సెగ్మెంటు మొత్తం పడిపోతుంది, అందరూ ఆ రోజు పిడుగుని తిడతారు. అందుకే ఇప్పుడు పవర్ సప్లై పక్కనే డయాగ్నస్టిక్ మాడ్యూల్ పెట్టి సిగ్నల్ ఎత్తు, నాయిస్, జిట్టర్, షీల్డ్‌కి లీకేజీ ఇరవై నాలుగ్గంటలూ చూస్తున్నారు. ప్రొటెక్టర్లలో కూడా తమ అరుగుదల తామే చెప్పే రకాలు వచ్చాయి. అద్దం పగలకముందే చదవడం అన్నమాట.

మిగిలిన జీవితం గురించి రెండు మాటలు. తన గూని పిల్లలకి రాకూడదనే పెళ్ళి చేసుకోలేదంటారు. ల్యాబ్‌లో సహాయకుడు జోసెఫ్ హేడెన్‌ని దత్తత తీసుకున్నాడు. అతని భార్య, ముగ్గురు పిల్లలతో ఇల్లు నిండింది, తాతయ్య అయిపోయాడు. గ్లాస్‌హౌస్‌లో బ్రహ్మజెముడు జాతులు, మొసళ్ళు పెంచాడు. అంత పెద్ద కంపెనీలో పనిచేస్తూ కూడా సోషలిజం వదల్లేదు. స్కెనెక్టడీలో సోషలిస్టు మేయరు గెలిచినప్పుడు ఊరి స్కూలు బోర్డుకి అధ్యక్షుడై, బెంచీలు చాలని బళ్ళ కోసం, వలస వచ్చినవాళ్ళ పిల్లల చదువు కోసం పనిచేశాడు. రేవులో తనని ఆపిన రోజు మర్చిపోయి ఉండడు. 1922లో రాష్ట్ర ఇంజనీరు పదవికి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు కూడా. పిడుగుని గెలవడం తేలికనిపించి ఉంటుంది.

1923 శరదృతువులో అమెరికా పడమటి తీరం చుట్టి అలసిపోయి వచ్చాడు. అక్టోబర్ 26న ఇంట్లోనే, మంచం మీదే గుండె ఆగింది. 58 ఏళ్ళు. స్కెనెక్టడీలోని వేల్ స్మశానంలో పాతిపెట్టారు. ఇల్లు తర్వాత కూల్చేశారు, ఆ స్థలం ఇప్పుడు చిన్న పార్కు. పిడుగు దూరిన నది ఒడ్డు కుటీరాన్ని మాత్రం హెన్రీ ఫోర్డ్ కొని, డియర్‌బార్న్‌లోని తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియంకి తరలించాడు. ఆ చుట్టుపక్కల ఎం.ఎస్. చేస్తున్న మన సీనియర్లు ఎవరైనా ఉంటే టికెట్ కొనుక్కుని వెళ్ళి చూడొచ్చు.