గాలిచక్రం: జాన్ బాయ్డ్ డన్లప్

కోయిలకుంట్ల, నంద్యాల ప్రాంతాల నల్లరేగడి నేల వాన కురిస్తే బంకగా మారి బండిచక్రాన్ని పట్టుకొంటుంది. ఎండ కాస్తే అదే నేల నెర్రెలు విచ్చి ఇరుసును కుదిపివేస్తుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల పరిసరాల నాపరాతి నేలల్లో పరిస్థితి మరొక విధం. అక్కడ చక్రం దిగబడదు కాని, ప్రతి రాతిదెబ్బా బండిని దాటి ఎద్దుల మెడలకూ తోలేవాని నడుముకూ చేరుతుంది. కర్నూలు, కడప సీమల్లో తరతరాలుగా వడ్రంగి కర్రతో చక్రం చేస్తే, కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి దానికి తొడిగి, నీళ్ళు పోసి బిగించేవాడు. పట్టా ఎంత గట్టిదైతే బండి అంతకాలం మన్నుతుందని రైతుల నమ్మకం. ఇది ఒక్క రాయలసీమ నమ్మకమే కాదు. చక్రం తిరిగిన ప్రతి దేశంలోనూ ఉన్న నమ్మకం. నేల కఠినమైనదైతే చక్రం అంతకంటె కఠినంగా ఉండాలని లోకమంతా భావించిన కాలంలో, చక్రానికి మెత్తదనమే బలమని నిరూపించినవాడు ఒక పశువైద్యుడు. ఆయనే జాన్ బాయ్డ్ డన్లప్.

డన్లప్ 1840వ సంవత్సరం ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో డ్రెగ్‌హార్న్ అనే గ్రామాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకముందే పుట్టినవాడని ఇంటివారు చెప్పగా విని, తన ఆరోగ్యం సున్నితమైనదన్న శంకను ఆయన జీవితాంతం మోశాడు. ఆ శంక నిరాధారమని ఆయన ఎనభై ఒక్క ఏళ్ళు జీవించడమే చెబుతున్నది. ఎడిన్‌బరోలో పశువైద్యం అభ్యసించి, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలోనే పట్టా పుచ్చుకొని, కొన్నేళ్ళు స్వదేశంలో పనిచేసి, 1867లో ఐర్లండుకు తరలివెళ్ళాడు. క్రమంగా బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన వైద్యశాల ఆ దేశంలోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది. గుర్రాలే బండ్లను లాగే కాలమది. రాళ్ళు పరచిన వీధులలో ఇనుప చక్రాల బండ్లను లాగి లాగి డస్సిన జంతువులు దినదినమూ ఆయన వాకిటికి వచ్చేవి. కుదుపు వల్ల జీవికి కలిగే బాధను పుస్తకాలలో చదివి కాక, చేతులతో తడిమి తెలుసుకొన్నవాడు ఆయన.

1887లో ఆయన కుమారుడు జానీకి తొమ్మిది, పదేళ్ళ వయసు. ఆ బాలుడు మూడు చక్రాల సైకిలుపై బడికి వెళ్ళేవాడు. దాని చక్రాలకు ఉన్నది గట్టి రబ్బరు. బెల్‌ఫాస్ట్ వీధుల రాళ్ళపై, ట్రాము పట్టాలపై ఆ బండి నడిపిన పిల్లవానికి ఒళ్ళు హూనమయ్యేది. తేలికగా, వేగంగా, కుదుపు లేకుండా సాగే బండి కావాలని కొడుకు కోరాడు. తండ్రి దానిని పిల్లవాని ముచ్చటగా కొట్టివేయలేదు. వైద్యవృత్తిలో రబ్బరు వాడకం తెలిసినవాడు గనుక, పలుచని రబ్బరు పలకను గొట్టంగా అతికించి, దానిని ఒక గుండ్రని కొయ్యపలక అంచున అమర్చి, పైన నారబట్ట చుట్టి మేకులతో బిగించాడు. పిమ్మట బంతులలో గాలి నింపే పంపుతో ఆ గొట్టంలో గాలి నింపాడు.

తరువాత ఆయన చేసిన పరీక్ష మిక్కిలి సులభమైనది. కుమారుని సైకిలు ముందుచక్రాన్ని ఊడదీసి, వాకిట్లో బలంగా దొర్లించాడు. అది కొంతదూరం పోయి, వాకిలి చివరను చేరకముందే వేగం తగ్గి పడిపోయింది. అదే రీతిగా గాలి నింపిన కొయ్యపలకను దొర్లించాడు. అది వాకిలి పొడవునా పరుగెత్తి, ఎదుటి తలుపుకు కొట్టుకొని వెనుకకు ఎగిరింది. త్రాసు లేదు, గడియారం లేదు. అయినా ఆ క్షణంలో తేలిన సత్యం గొప్పది. గట్టి చక్రం చిన్నరాయి ఎదురైనపుడు తానూ బండీ కలిసి పైకి లేవవలసి వస్తుంది. ఆ లేవడంలో లాగే శక్తి వృథా అవుతుంది. గాలిచక్రమైతే రాయిని తన పొట్టలోనికి ఇముడ్చుకొని సాగిపోతుంది. బండి మాత్రం సమంగానే నిలుస్తుంది. కనుక మెత్తదనం సుఖాన్నే కాక వేగాన్ని కూడ ఇస్తుంది. జానీ సైకిలు వెనుక చక్రాలకు ఈ కొత్త తొడుగులు అమరినాయి. 1888 డిసెంబరు 7వ తేదీన డన్లప్‌కు దానిపై పేటెంటు లభించింది.

మొదట జనం నవ్వారు. ఉబ్బిన పాముల వలె కనిపించే ఆ చక్రాలు వింతగా తోచాయి. 1889 మే నెలలో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల క్రీడలలో విల్లీ హ్యూమ్ అనే యువకుడు గాలిటైర్ల సైకిలుతో బరిలోకి దిగాడు. అతడు అంతకుముందు మేటి క్రీడాకారుడేమీ కాదు. అయినా పాల్గొన్న పందెములన్నింటిలోనూ ప్రథముడై నిలిచాడు. ఓడిపోయినవారిలో డబ్లిన్ వర్తకుడు హార్వే డ్యూ క్రాస్ కుమారులున్నారు. కుమారుల ఓటమికి నొచ్చుకొనక, ఆ ఓటమికి కారణమైన వస్తువును పరిశీలించిన తండ్రి అతడు. ఆ ఏడాదే డ్యూ క్రాస్ నాయకత్వాన డబ్లిన్‌లో ఒక కంపెనీ ఏర్పడింది. డన్లప్ తన పేటెంటును దానికి అప్పగించాడు.

అంతలో పిడుగు పడింది. 1890లో డన్లప్ పేటెంటు చెల్లదని అధికారులు తెలియజేశారు. స్కాట్లండుకే చెందిన రాబర్ట్ విలియమ్ థామ్సన్ అనే ఇంజనీరు 1845లోనే గాలి నింపిన చక్రానికి పేటెంటు పొంది ఉన్నాడు. 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో అటువంటి చక్రాలతో గుర్రపుబండిని నడిపి చూపించాడు కూడ. కాని అప్పటికి సైకిలు ప్రచారంలోకి రాలేదు, మోటారుబండి పుట్టనే లేదు, మంచి రబ్బరు చవుకగా దొరికేది కాదు. అందువలన ఆ పత్రం కచేరీ అటకపై మరుగున పడిపోయింది. ప్రాచీన సాహిత్య చరిత్ర చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. తాళపత్రాలలో చెదలపాలవుతున్న వేమన పద్యాలను వెదకి, కడపలో పండితులను కూర్చోబెట్టి, ప్రతులను సరిచూపించిన బ్రౌన్ లేకుంటే ఎన్ని రచనలు లేనివాటి క్రింద లెక్కకు వచ్చేవో! థామ్సన్‌కు అటువంటి బ్రౌన్ దొరకలేదు. అతడు 1873లోనే మరణించాడు. డన్లప్ మాత్రం థామ్సన్ పని తెలియకయే, తన వాకిట్లో స్వతంత్రంగా ఆ ఊహకు చేరుకొన్నాడు. చట్టం దృష్టిలో అది రెండవది కావచ్చు. జనుల వాడుకలోనికి తెచ్చిన ఘనత మాత్రం ఆయనదే.

పేటెంటు పోయినా కంపెనీ నిలదొక్కుకొన్నది. చక్రం నుండి టైరును సులభంగా ఊడదీసి మార్చుకొనే పద్ధతులను కనిపెట్టిన వెల్చ్, బార్ట్‌లెట్‌ల హక్కులను డ్యూ క్రాస్ కొనివేశాడు. టైరు మార్చుకొనదగిన వస్తువైన నాటి నుండి, ఏ బండికి ఏ టైరు తగునన్న ప్రశ్న కూడ పుట్టింది. ఈ ప్రశ్న ఎంత గడ్డుదో 1901లో లోకానికి తెలిసివచ్చింది. ఒకప్పుడు డన్లప్ సంస్థలో పనిచేసిన సెల్విన్ ఎడ్జ్ అనే పందెగాడు నేపియర్ అనే బ్రిటిష్ కారుతో గోర్డన్ బెన్నెట్ పోటీకి సిద్ధమయ్యాడు. ఆ కారు ఇంజను సామర్థ్యం సుమారు 17 లీటర్లు. దాని బరువుకూ బలానికీ డన్లప్ టైర్లు తట్టుకొనలేకపోయాయి. గత్యంతరం లేక ఎడ్జ్ ఫ్రాన్సు దేశపు టైర్లు తొడిగించాడు. కారులోని ప్రతి భాగమూ స్వదేశంలోనే తయారు కావాలన్నది ఆ పోటీ నియమం. ఆ ఒక్క కారణంచేత నేపియర్ అనర్హమయింది. మరుసటి ఏడాది, 1902లో, అదే ఎడ్జ్ నేపియర్ కారుతోనే ఆ బహుమతిని గెలుచుకొన్నాడు.

పాత స్పోర్ట్స్ కారును ప్రాణప్రదంగా కాపాడుకొనేవారికి ఆ ప్రశ్న ఇప్పటికీ తప్పలేదు. ఇటువంటి కారు ఏడాదిలో ఎక్కువ భాగం కొట్టంలోనే నిలిచి ఉంటుంది. అందువలన టైరుపై గాడులు అరగక కొత్తవిగానే కనబడతాయి. చూపరి దానిని చూసి మోసపోతాడు. రబ్బరు నడిస్తేనే కాదు, ఊరక నిలిచినా ముసలిదవుతుంది. ఎండకూ వేడికీ గాలిలోని ఓజోనుకూ గట్టిపడి, ప్రక్కలు సన్నగా పగులుతాయి. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే కర్నూలు, కడపలలో ఈ వార్ధక్యం మరింత త్వరగా వస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు ముందుగా చూసేది గాడులను కాదు, టైరు ప్రక్కన అచ్చయిన నాలుగు అంకెలను. 2000 సంవత్సరం నుండి మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతున్నాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనదని గ్రహించాలి.

రెండవది కొలత. 185/70 ఆర్ 14 అని ఉన్నచోట 185 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అన్నది ఆ వెడల్పులో ప్రక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. ఆర్ అనగా రేడియల్. 14 అన్నది చక్రం వ్యాసం అంగుళాలలో. చూపుకు ఠీవిగా ఉంటుందని మరీ వెడల్పైన టైరు తొడిగితే, అది మలుపులో బండి రేకుకు రాసుకొంటుంది. పవర్ స్టీరింగు లేని పాతకాలపు కారైతే త్రిప్పేవాని భుజాలు కూడ నొస్తాయి. చౌక పేరిట ఒకే ఇరుసుకు ఒక ప్రక్క రేడియల్, రెండవ ప్రక్క పాతరకం అడ్డుపొరల టైరు వేయడం అన్నిటికంటె ప్రమాదకరం. రెండూ రెండు తీరుల వంగుతాయి గనుక మలుపులో బండి మాట వినదు. కారు పుట్టినప్పుడు దాని స్ప్రింగులూ ఇరుసులూ ఏ తరహా టైరును తలచి రూపొందాయో తెలుసుకొని ఎంచుకొనడమే వివేకం. బరువు, వేగాలకు సంబంధించిన గుర్తులు కారు తయారీదారు చెప్పినదానికి తగ్గకూడదు. గాలి కొలత తెల్లవారుజామున, బండి కదలకముందు చూడవలెను. మిట్టమధ్యాహ్నం కాలిన రోడ్డుపై నడిచివచ్చిన టైరులో గాలి వ్యాకోచించి, లేని నిండుదనాన్ని చూపుతుంది. అప్పుడు కొంత గాలి తీసివేసినవారు, చల్లారిన పిదప తక్కువ గాలితో ప్రయాణించి టైరును మరింత వేడెక్కిస్తారు.

డన్లప్ కథ వేరొక మలుపు తిరిగింది. 1892లో ఆయన పశువైద్యం చాలించి డబ్లిన్ చేరాడు. కంపెనీ వ్యవహారాలలో పెద్దలతో పొసగక 1895 నాటికి తప్పుకొన్నాడు. మరుసటి ఏడాదే ఎర్నెస్ట్ టెరా హూలీ అనే వ్యాపారి ఆ కంపెనీని 30 లక్షల పౌండ్లకు కొని, 50 లక్షల పౌండ్ల కంపెనీగా మార్చి అమ్మాడు. ఆ మహాధనంలో టైరును రూపొందించినవానికి చెందినది స్వల్పమే. ఆయన మాత్రం ఒక వస్త్రవ్యాపార సంస్థలో భాగస్వామియై, డబ్లిన్‌లో నిరాడంబరంగా కాలం గడిపాడు.

ధనం పోయినందుకు డన్లప్ కచేరీ మెట్లు ఎక్కలేదు. రూపం చెడినందుకు ఎక్కాడు. కంపెనీ తన ప్రకటనలలో ఆయన గడ్డపు ముఖాన్ని వాడుకొంటూ, దాని క్రింద పొడవైన టోపీ, తెల్లని వెయిస్టుకోటు, చేత బెత్తం ధరించిన షోకు మనిషి శరీరాన్ని చిత్రించింది. జీవితమంతా పశువుల కొట్టాలలో, పనిబట్టలలో గడిపిన వృద్ధునికి అది అవమానంగా తోచింది. తన పేరును వారికి ఇచ్చాడు. తన వ్యక్తిత్వాన్ని ఇవ్వలేదు. ఎనభై ఏళ్ళ వయసులో ఆయన ఐర్లండు న్యాయస్థానంలో దావా వేశాడు. ఐర్లండు న్యాయస్థానాలకు దానిని విచారించే అధికారం ఉన్నదా లేదా అన్న వివాదం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. తీర్పు డన్లప్ పక్షాన వచ్చింది.

1921 అక్టోబరు 23వ తేదీన డన్లప్ డబ్లిన్‌లో తన ఇంట కన్నుమూశాడు. గాలిటైరు చరిత్రను ఆయన స్వయంగా వ్రాసిపెట్టగా, మరణానంతరం కుమార్తె దానిని ప్రచురించింది. తరువాతి కాలంలో ఉత్తర ఐర్లండులోని నార్తర్న్ బ్యాంకు తన 10 పౌండ్ల నోటుపై ఆయన బొమ్మను ముద్రించింది. ఈసారి బొమ్మలో టోపీ లేదు, బెత్తం లేదు. గడ్డంతో ఉన్న ఆ పశువైద్యుడే ఉన్నాడు. రాయలసీమ పల్లెల్లో ఇనుప పట్టా చక్రాల స్థానంలో గాలిచక్రాలు వచ్చిన తరువాత, అవే ఎద్దులు రేగడి దారిలో మునుపటికంటె బరువైన బస్తాలను లాగాయి. రైతులు దానికి టైరుబండి అని పేరు పెట్టుకొన్నారు.